బాపు రాయి మీద సింఫొనీ

పాలకుర్తిలో ఎరువుల దుకాణం నడిపే గోవర్ధన్‌కు ఉన్న రోగానికి ఏ దవాఖానలోనూ మందు లేదు. ఎప్పుడో నూటయాభై ఏళ్ల కింద జర్మనీలో ఎవరో రాసిన సింఫొనీ అంటే అతనికి ప్రాణం. హన్మకొండలో చదువుకునే రోజుల్లో పాత సామాన్ల దుకాణంలో దొరికిన క్యాసెట్టుతో అంటుకున్న జబ్బు అది. మాది పక్కిల్లు, మధ్యలో ఒకటే గోడ. నా ఇష్టంతో పని లేకుండా ఆ సింఫొనీ నాకూ కంఠతా వచ్చేసింది.

వాళ్ల బాపు సమ్మయ్య బతికున్నన్నాళ్లూ గోవర్ధన్‌ది ఒక్కటే కోరిక. ఆయన్ని ఒక్కసారైనా చివరిదాకా కూర్చోబెట్టి దాన్ని వినిపించాలి. కొడుకు ముఖం చూసి ముసలాయన కూర్చునేవాడు. మొదటి భాగం ఎలాగో గడిచేది. రెండో భాగంలో వయొలిన్లన్నీ సద్దుమణిగి, ఒక్క బాకా సన్నగా మూలిగే చోటు వస్తుంది. సరిగ్గా అక్కడ, "మోటరు బంద్ జేసొస్త బిడ్డా" అని లేచేవాడు. మళ్లీ వచ్చేవాడు కాదు. జోరువానలోనూ అదే మాట. వానలో ఏ మోటరు నడుస్తోందని అడిగే ధైర్యం కొడుక్కు లేదు.

నిరుడు సమ్మయ్య పోయాడు. ఆ సింఫొనీనే పాత అసలు టేపుల నుంచి తీసి, మందపాటి రికార్డుగా మళ్లీ విడుదల చేశారని తెలిసి గోవర్ధన్ తెప్పించుకున్నాడు. పురిటి బిడ్డను కూడా అంత భద్రంగా ఎత్తుకోరు. కానీ రోడ్డు మీద వడ్ల ట్రాక్టరు పోతే చాలు, బల్ల అదిరి ప్లేయరు ముల్లు ఎగిరేది. ఫోన్లో తనలాంటి పిచ్చోళ్ల గ్రూపులో మొర పెట్టుకుంటే, ప్లేయరు కింద బరువైన రాతి పలక పెట్టమన్నారు.

రాయి ఇంట్లోనే ఉంది. సంవత్సరీకం నాటికి పొలంలో సమాధికి పెట్టాలని, అక్క చిలుకమ్మ మరిపెడలో చెక్కించి పంపిన నల్లరాయి. దాని మీద మీసాలతో సహా సమ్మయ్య బొమ్మ, కింద పేరు. వెనకవైపంతా గరుకు. అందుకని బొమ్మ పైకే ఉంచి ప్లేయరు ఎక్కించాడు. ఆ తర్వాత ముల్లు కదిలితే ఒట్టు.

సంవత్సరీకం ముందు రోజు చిలుకమ్మ దిగింది. నేనూ అక్కడే చాయ్ తాగుతున్నాను. రెండో భాగం నడుస్తోంది. గడపలోంచే ఆమె కళ్లు రాయి మీద పడ్డాయి.

"ఓరి నీ చేతులిరగ! బాపు మొఖం మీద డబ్బా పెడ్తవా?"

"మొఖం మీద కాదక్కా, పేరు మీద. మొఖం ఖాళీగనే ఉన్నది సూడు."

నాకు నవ్వు ఆగలేదు. చిలుకమ్మ నావైపు కొరకొరా చూసి, కొంగు బిగించి, రాయి అంచు పట్టుకుని ఒక్క ఊపున లేపింది. ముల్లు కర్రుమంటూ రికార్డుకు అడ్డంగా గీసుకుపోయింది.

గోవర్ధన్ తిట్టినా బాగుండేది. ఆ గీతను వేలితో తడుముతూ నిలబడ్డాడు.

"బాపుకు ఒక్కపారన్న మొత్తం ఇనిపియ్యాలని పెట్టినక్కా. గిప్పుడన్న లేసిపోడనుకున్న."

చిలుకమ్మ రాయిని మెల్లగా మళ్లీ కిందికి దించింది. "జర మల్ల మొదటికెల్లి పెట్టురా. నేను గూడ కూసుంట" అంది.

ముగ్గురం కూర్చున్నాం. మొదటి భాగం గడిచింది. రెండో భాగంలో వయొలిన్లు సద్దుమణిగాయి, బాకా మూలుగు అందుకుంది. అంతలో టక్కుమని ముల్లు ఎగిరి, ఆ చోటు మొత్తం దాటేసింది.

గోవర్ధన్ రాయి మీది మీసాల వైపు చూశాడు.

"మోటరు బంద్ జేయవోయిండక్కా."

చేయి ప్లేయరు మీదికి పోయింది. చిలుకమ్మ ఆ చేయి పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు.

"అస్తడు తియ్‌రా. నువ్వైతే ఆపకు."