బొమ్మలింటి గడియ

నేను తలుపుల సామాను చేసేవాణ్ణి. గడియలు, గొళ్ళేలు, బందులు. కోయిలకుంట్ల చుట్టుపక్కల ఏ తలుపు కిర్రుమన్నా నన్నే తిట్టేవాళ్ళు. ఒక దసరాకు ముందు పత్తి వ్యాపారం చేసే శెట్టి పిలిపించి, బొమ్మల కొలువులో పెట్టడానికి చేయించిన కొయ్య బొమ్మలిల్లు చూపించాడు. లోపలి గదులన్నీ కనబడేట్టు ముందు గోడ వదిలేశారు. తలుపులకు సామాను మాత్రం లేదు.

"మా ఇల్లు ఎట్లుండాదో అట్లే ఉండల్ల. గడియ వేస్తే పడల్ల, తీస్తే రావల్ల. చూసినోళ్ళు నోరు తెరవల్ల!" అన్నాడు. గొప్పలకు పోవడంలో ఆయనకు సాటి లేరు.

సన్న ఇత్తడి తీగను తుమ్మముల్లుకు చుట్టి, కత్తిరించి, ఆ రింగులతో గొలుసులు అల్లాను. గడియ వడ్లగింజంత. తుమ్ము వచ్చిందంటే ఆ పూట పని గోవిందా. "ముసలితనానికి బొమ్మలాటలా?" అని నా పెండ్లాం నవ్వేది.

ఏ తలుపుకు ఏముందో చూడడానికి శెట్టి ఇల్లంతా తిరిగాను. వెనక వసారాలో ఒక గదికి బయట గొళ్ళెం తగిలించి ఉంది. గింజల గది కాబోలనుకుని గొలుసు పట్టుకున్నాను.

"ఎవరప్పా అది?" అంది లోపలినుంచి ఒక బొంగురు ఆడగొంతు.

గొలుసు చేతిలోంచి జారిపోయింది.

"బొమ్మలింటికి గడియలు చేస్తాండా తల్లీ," అన్నాను, ఏమనాలో తోచక.

మెల్లగా, "ఈడ లోపల గడియ ఉండె. పీకేసినారు. బొమ్మలింట్లోనన్నా లోపలి పక్క పెట్టప్పా," అంది.

శెట్టిని అడిగాను. "మా తమ్ముని పెండ్లాం. వాడు పోయినప్పటినుంచి దానికి మతి లేదు. నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. మతి లేని మనిషి అంత తెలివిగా మాట్లాడుతుందా? బొమ్మలింట్లో ఆ గది తలుపుకు బయట గొళ్ళెం పెట్టలేదు. లోపలి పక్క గడియ బిగించాను.

కొలువు రోజు నన్ను పక్కన నిలబెట్టుకుని, పేరంటాళ్ళ ముందు శెట్టి ఒక్కో తలుపూ వేలితో తీసి చూపిస్తున్నాడు. వెనక గది దగ్గర మొహం ముడిచాడు.

"ఏమప్పా ఆచారీ, దీనికి గొళ్ళెం బయట గదా ఉండల్ల! లోపల గడియ ఎందుకు పెడితివి? మా ఇంట్లో యాడుండాది అట్లా?"

తన నోటితోనే అన్నాడు. "అది మీ తమ్ముని గది గదప్పా! బయట గొళ్ళెమేస్తే లోపల ఎవరుండారు?" అని ఒక ముసలామె అడిగింది. ఆమె లేచి, అడ్డమొచ్చిన శెట్టిని పక్కకు తోసి, నేరుగా వెనక వసారాకు నడిచింది. గొళ్ళెం ఊడిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

ముసలామె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన మనిషిని చూశాను. ఆ గొంతు విని నడివయసు ఆడమనిషి అనుకున్నాను. పదమూడేళ్ళు కూడా ఉండవు. ఇంత పసిదాన్నా! వెలుతురుకు కళ్ళు చికిలిస్తూ, కొలువు ముందు ఆడుకుంటున్న పిల్లలవైపు చూసి, "నేనూ రావచ్చునా?" అని శెట్టిని అడిగింది.