పురానాపూల్ దేవిడీలో తేడా వచ్చిన నాలుగడుగులు

తడి సున్నం వాసన తగిలితే నా కాళ్లు ఇప్పటికీ ఆగిపోతాయి. మొన్న మలక్‌పేటలో ఎవరో పాత గోడకు వెల్ల వేయిస్తుంటే, తొందర పనిమీద పోతున్నదాన్ని అక్కడే నిలబడిపోయాను. యాదగిరి గారు గుర్తొచ్చారు. డెబ్బైల్లో నేను గుంటూరు నుంచి వచ్చి ఒక ప్రభుత్వ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినప్పుడు, నాకు పని నేర్పమని ఆయనకు అప్పగించారు. తాపీపనితో మొదలుపెట్టి వర్క్ ఇన్‌స్పెక్టరు దాకా వచ్చిన మనిషి. గోడను అరచేత్తో తట్టి దాని వయసు చెప్పేవారు.

ఆ వేసవిలో పురానాపూల్ దగ్గర ఒక పాత దేవిడీని, అంటే పెద్ద లోగిలిని, కొలిచి నక్షా గీయమన్నారు. వీధివైపు గోడ నిలువునా బీటలిచ్చి ఉబ్బింది. ఇల్లంతా కూల్చాలా, నిలపవచ్చా అన్నది మా నివేదికతో తేలాలి. అందులో రజియా బేగం గారు కొడుకులతో, కోడళ్లతో ఉండేవారు. గడప దాటగానే యాదగిరి గారి కళ్లు మెరిశాయి.

"ఇది ఒక్క ఇల్లు గాదు బిడ్డా. ఒకల తర్వాత ఒకలు కట్టుకుంట వచ్చిండ్రు. చూడు!"

చూపించారు. వెనక ఉన్న నల్లరాతి గదులు అన్నిటికంటే పాతవి. టేకు స్తంభాల హాలు ఆ తర్వాతి తరానిది. ఇటుక కమానులు ఇంకొకరివి. రేకుల వంటిల్లు బేగం గారి భర్త వేయించింది. అన్నాళ్లూ నాకు గోడ అంటే కాగితం మీద రెండు గీతలే. ఆ ఒక్క పూటలో ఆ ఇల్లు కళ్లముందే పెరుగుతున్నట్టు అనిపించింది.

మధ్యాహ్నం కొలతలు కూడి చూశాను. ముందుభాగం లోతు బయటినుంచి ముప్పై రెండు అడుగులు. లోపల గదులు, గోడలు అన్నీ కలిపితే ఇరవై ఎనిమిదే! నా మొదటి పెద్ద పని అది. భయపడి, రబ్బరుతో చెరిపి ముందుగదిని నాలుగడుగులు పెంచబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏం జేస్తున్నవ్?"

"నేనే తప్పు కొలిచానండీ. సరిచేస్తున్నాను."

"సరిచేసుడు గాదు అది, దాచుడు. పా, మల్ల కొలుద్దాం."

మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ అదే తేడా. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. "తప్పు నీది గాదు బిడ్డా. ఇంట్లనే ఏదో ఉన్నది!"

ముందుగదిలో వీధివైపు గోడ పొడవునా తట్టుకుంటూ వెళ్లి ఒక మూల ఆగారు. అక్కడ చప్పుడు డొల్లగా వచ్చింది. "అమ్మా, మీరు సరేనంటే రెండు ఇటుకలు తీస్త."

"తీయి యాదగిరి భాయ్," అన్నారు బేగం గారు. "ఎట్లైనా కూలగొడ్తమనే అంటున్నరు గద."

ఇటుకలు ఊడగానే చల్లటి గాలి ముఖాన కొట్టింది. టార్చి వేశాను. నాలుగడుగుల సందు! అందులో పైకి పోతున్న రాతి మెట్లు. బేగం గారు నన్ను పక్కకు నెట్టి మరీ తొంగిచూశారు.

"యా అల్లా! పైన ఒక కమ్రా ఉండేదని మా అత్త చెప్తుండె. మేమెవ్వరం నమ్మలే!"

యాదగిరి గారు మెట్లు చూడలేదు. తల దూర్చి పైకి చూశారు. "దూలాలు ఏడ ఆనినయో చూడు, చెప్పు."

ఒక్కో దూలం వెంటే చూపు పోనిచ్చాను. అన్నీ మేము ఇటుకలు తీసిన ఈ లోపలి పాతగోడ మీదే ఆగాయి. బీటలిచ్చిన వీధిగోడ తర్వాతెప్పుడో మెట్లను మూస్తూ కట్టింది. అది కప్పు బరువు మోయడమే లేదు. "ఇల్లు పడదండీ! ఆ గోడొక్కటి తీస్తే చాలు!" అని అరిచేశాను.

మర్నాడు పెద్ద ఇంజనీరు గారు వచ్చినప్పుడు, చెప్పమని యాదగిరి గారు నన్నే ముందుకు తోశారు. దూలం దూలం చూపించి చెప్పాను. ఆయన స్వయంగా పరీక్షించుకుని ఒప్పుకున్నారు. వీధిగోడ ఒక్కటే విప్పి కట్టారు. వెలుతురు పడ్డ మెట్లను బేగం గారు పట్టుబట్టి ఎక్కి, పై మెట్టుమీద కూర్చుని మాకు చాయ్ పంపించమని కోడళ్లను కేకేశారు.

యాదగిరి గారు ఇప్పుడు లేరు. తర్వాత నేను ఎన్నో ఇళ్లు గీశాను, ఎందరికో పని నేర్పాను. కొత్తగా చేరినవాళ్లు లెక్క కలవడం లేదంటూ బిక్కమొహంతో నా బల్ల దగ్గరికి వస్తే, నాకు మాత్రం ప్రాణం లేచివస్తుంది. వాళ్లకంటే ముందు నేనే టేపు అందుకుని బయల్దేరతాను.