చెట్టుకు లేని పువ్వు చేతికి పెట్టని మా జాహెదా ఆపా

నిన్న పొద్దున భూపాలపల్లి నుంచి ఫోన్. "ఆపా లేదమ్మా" అన్నారు ఖాసిం భాయ్.

ఎక్కడికి పోయింది అని అడిగాను. నిజంగానే అడిగాను. నాకు అర్థం కాలేదు.

గుండె నొప్పట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

మహబూబాబాద్‌లో భూపాలపల్లి బస్ ఎక్కినప్పటి నుంచి నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేస్తే ఎటు పోవాలో తెలియడం లేదు. ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేలా ఉందని ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ళకు చెప్తున్నా. జాహెదా ఆపా నాకు అక్కలాంటిది, మైదాకు, అదే గోరింటాకు, పెట్టడం నేర్పిన గురువు. ఖాసిం భాయ్ ఆమె భర్త, బొగ్గుబాయిలో పని. వాళ్ళ క్వార్టర్ వెనక చిన్న పెరడు. ఆపాకు స్కూలైనా స్టూడియో అయినా అదే.

ఆమెకు ఒక పట్టింపు ఉండేది. ఆ రోజు పెరట్లో ఏది ఉంటే అదే చేతి మీద వేసేది.

చలికాలం పెళ్ళికూతురికి చిక్కుడు పూలు. ఎండలు మొదలైతే వేపపూత. బతుకమ్మ రోజుల్లో వాడకట్టు ఆడపిల్లలందరి చేతుల మీదా గునుగు పూలే.

నెమలి వెయ్యమంటే "మా పెరట్లకు నెమలి రాదమ్మా" అని నవ్వేది. ఎంతమంది ఆర్డర్ క్యాన్సిల్ చేసుకుని పోయారో. ఆమె మాత్రం మెట్టు దిగలేదు.

నేను చేరిన కొత్తలో, ముసురు పట్టిన ఒక రోజు, ఒక అమ్మాయి అరచేతిలో మామిడి పిందె వేశాను. అందరూ వేసేదే కదా. ఆపా తన దుపట్టా కొంగుతో తుడిచేసింది.

"ఇప్పుడు మామిడి పిందె ఏడ చూసినవ్?"

"ఫోన్ల చూసిన ఆపా."

"గదే నేననేది. పెరట్లకు పోయి చూసిరా పో."

వానలో పోయి నిలబడ్డాను. ఆకులన్నీ ఆకుల్లాగే ఉన్నాయి. చిరాకేసింది. ఆపా వెనకే వచ్చి, బీరతీగ కొస కట్టెను చుట్టుకున్న చోటు వేలితో చూపించింది.

ఆ మెలికను ఆ అమ్మాయి వేలి చుట్టూ వేశాను. నేను వేసిన మొదటి సొంత డిజైన్ అదే. ఇప్పటికీ జనం నన్ను అది అడిగి మరీ వేయించుకుంటారు.

వానలు పోతే అక్కడ ఆకుల మీద బొగ్గు దుమ్ము పేరుకుంటుంది. ఆపా తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచి ఈనెలు చూసేది. నాతోనూ తుడిపించేది. సణుగుతూ తుడిచేదాన్ని.

ఒక ఎండాకాలం నీళ్ళు లేక పెరడంతా మాడిపోయింది. పెళ్ళి ఆర్డర్ ఉంది, వేయడానికి ఏమీ లేదు. ఆపా పరేషాన్. అన్నం సహించదు, నిద్ర పట్టదు. ఇంట్లోకి, పెరట్లోకి తిరుగుడే తిరుగుడు. "ఈమెతోని ఇంట్ల ఉండుడు కంటే నాకు బాయిల పనే నయం" అనేవారు ఖాసిం భాయ్.

విత్తనానికి వదిలేసిన బీరకాయ ఒకటి తీగకే ఎండి, తొక్క పగిలి, లోపలి పీచు బయటపడి ఉంది. దాన్ని పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ అల్లికనే పెళ్ళికూతురి అరచేతి నిండా వేసింది.

"గిదేం డిజైన్? ఒళ్ళు తోముకునే పీచు" అంది పిల్ల తల్లి.

పొద్దున ఎర్రగా పండాక ఆ తల్లే వచ్చి తన చేయి చాపింది.

ఇప్పుడు అసలు సంగతి. రేపు కురవిలో ఒక పెళ్ళికూతురికి ఆపా మైదాకు పెట్టాలి. మాట ఇచ్చింది. ఈ పొద్దున పిల్ల తల్లి నాకు ఫోన్ చేసింది.

"నువ్వన్న రా బిడ్డా. మా పిల్ల ఆపా పెరడే చేతుల మీద కావాలంటది. ఫోన్ల బొమ్మలైతే ఎవరన్న పెడ్తరు."

మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. భయమేసింది. ఇన్నేళ్ళూ ఆపా చూపించినవే చూశాను. ఆమె లేకుండా నాకు ఏదైనా కనిపిస్తుందా?

ఆపా పెరట్లోకి పోయాను. ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. చిక్కుడు విరగబూసింది. చూస్తే ఏడుపొచ్చింది, డిజైన్ రాలేదు.

ఇంతలో ఖాసిం భాయ్ వచ్చి గోడ పక్కన గడ్డి పీకడం మొదలుపెట్టారు. పలకరించడానికి మనుషులు వస్తున్నారు కదా, శుభ్రంగా ఉండాలని.

"ఏది ఉంచాలె, ఏది తియ్యాలె, నాకేమెరుక? అన్ని ఆమెనే చూసుకునేది" అన్నారు.

ఆయన చేయి గడ్డిచామంతి మీద పడింది.

"అది తియ్యకు భాయ్."

"గిది కలుపే గదమ్మా."

"కలుపే. కాని పువ్వు రాలినంక చూడు. గింజగింజకు సన్నటి కుచ్చు, అన్ని కలిసి గుండ్రంగ…"

చెప్తూ చెప్తూ ఆగిపోయాను.

ఆపా ఈ మొక్కను నాకెప్పుడూ చూపించలేదు. ఆమె కూడా ఎప్పుడూ వేయలేదు.

ఖాసిం భాయ్ చేయి వెనక్కి తీసుకున్నారు. ఇద్దరం అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాం. తర్వాత కురవికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను.

రేపు ఆ పిల్ల చేతిలో ఈ గడ్డిచామంతి కుచ్చే వేస్తాను. కుదురుతుందో లేదో తెలియదు. అయినా పోతాను.

పోయిరా ఆపా. ఇక్కడ ఒక్క ఘడియ కుదురుగా కూర్చోలేదు నువ్వు. ఆ పైవాడు నీ ప్రాణానికి అక్కడైనా నెమ్మది ఇవ్వాలి.