చేటెడు నూకలకు అమ్ముడైన హవల్దారు

నాకు కోపం ఎక్కువని బందరు కోర్టు వీధిలో అందరికీ తెలుసు. ముప్పై రెండేళ్లుగా ఒక జిరాక్సు షాపు అరుగు మీద కూర్చుని అర్జీలు, అఫిడవిట్లు టైపు చేస్తున్నాను. మొదట్లో మిషను మీద కొట్టేవాణ్ణి, ఇప్పుడు కంప్యూటరు వచ్చింది. కాలేషా దగ్గరికి వెళ్తే పనవుతుంది గానీ తిట్లు కూడా తినాలి అంటారు. నేను తిట్టేది నా దగ్గరికొచ్చే వాళ్లను కాదు, వాళ్లను నా దగ్గరికి పంపే ఆఫీసుల్ని. నూకరాజు విషయంలో వచ్చిన కోపం మాత్రం సంవత్సరం దాటినా చల్లారలేదు. అందుకే అతని కథ రాసి పెడుతున్నాను.

నూకరాజుది దివిసీమలో సముద్రం పక్కన చిన్న పల్లె. నాగాయలంకలో బస్సు దిగి ఇంకా ఆటోలో వెళ్లాలి. చేపల వేట మీద బతికే కుటుంబం. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరి, ఇరవై నాలుగేళ్లు పనిచేసి, హవల్దారుగా రిటైరై వచ్చాడు. ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. మంచులో పోయాయట. ఆ సంగతి అతనేం చెప్పలేదు, చెప్పులు విడిచి నా అరుగెక్కినప్పుడు నేనే చూసి అడిగాను. చేతిలో ఫైలు ఉంది. అందులో కాగితాలన్నీ తేదీల వారీగా, ఒక్క మడత కూడా లేకుండా ఉన్నాయి. ఇంత పద్ధతైన మనిషిని కూడా తిప్పుతున్నారంటే ఇక మామూలు వాళ్ల గతేమిటని అప్పుడే ఒళ్లు మండింది.

అతనికి కావాల్సింది ఒక్కటే. రిటైరైన సైనికులకు ఇచ్చే హెల్త్ కార్డులో తల్లి మాణిక్యమ్మ పేరు చేరాలి. ఆమెకు గుండెలో కవాటం పాడైంది. నాలుగు నెలల్లోపు ఆపరేషను చేయించకపోతే కష్టమని విజయవాడ డాక్టరు చెప్పాడు. కార్డు ఉంటే ఆపరేషను ఉచితం. సొంతంగా చేయించే స్థోమత నూకరాజుకు లేదు. రిటైరైనప్పుడు వచ్చింది కూతురి నర్సింగు చదువుకీ, ఇంటి స్లాబుకీ సరిపోయింది.

"మరి రైస్ కార్డు మీద చేయించొచ్చుగా?" అన్నాను.

"అది తీసేశారండీ బాబాయ్ గారూ. కొడుక్కి మిలటరీ పెన్షను వస్తుందని మా సచివాలయంలో కంప్యూటరు చూపించిందంట. కార్డు పోయింది, దాంతో పాటే ఉచిత వైద్యం పోయింది."

"సరే, కంప్యూటరే నువ్వు ఆవిడ కొడుకువని ఒప్పుకుంది కదా. ఇంక అడ్డేమిటి?"

అతను ఫైల్లోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చాడు. అతని రెజిమెంటు రికార్డాఫీసు నుంచి వచ్చింది. 'మీ తల్లి అన్నపూర్ణ 2006లో మరణించినట్లు మీరే తెలియజేసియున్నారు. ఆ సందర్భమున మీకు ఇరవై రోజుల సెలవు మంజూరు చేయబడినది. కావున మాణిక్యమ్మ అను వ్యక్తిని తల్లిగా నమోదు చేయుట సాధ్యపడదు. తహసీల్దారు విచారణ జరిపి ఆమెయే కన్నతల్లి అని ధ్రువీకరించినచో పరిశీలించబడును.' హిందీలో ఉన్నదాన్ని నేను ఇలా చెప్పుకున్నాను.

"ఇద్దరు తల్లులా?" అన్నాను.

అతని మొహం మాడిపోయింది. "మండలాఫీసులో కూడా ఇదే అడిగారండీ. మీ నాన్నకి ఇద్దరా అని అడిగి నవ్వారు. బల్ల మీద చెయ్యి వేశాను. ఇంకొక్క మాట ఎక్కువంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. బయటికొచ్చేశాను."

నేను సిగ్గుపడ్డాను. కూర్చోమని టీ చెప్పించి, మొదటి నుంచీ చెప్పమన్నాను.

నూకరాజు కంటే ముందు మాణిక్యమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. నాలుగోసారి నూకరాజు పుట్టగానే మంత్రసాని బిడ్డను తల్లి పక్కలో వేయలేదు, చేటలో పడుకోబెట్టింది. పక్కింటి అన్నపూర్ణ ఇంకో చేటలో నూకలు తెచ్చి మాణిక్యమ్మ కుండలో పోసి, ఈ చేట ఎత్తుకుని తన ఇంటి గడప దాటింది. దాంతో పిల్లాడు అమ్ముడుపోయినట్టు. అన్నపూర్ణ పిల్లలు చల్లగా ఉన్నారు కాబట్టి వీడు కూడా ఆమె ఖాతాలో బతుకుతాడని నమ్మకం. తర్వాత అన్నపూర్ణే బిడ్డను తిరిగి తెచ్చి, నా బిడ్డకు పాలిచ్చి పెంచమ్మా అని మాణిక్యమ్మ ఒళ్లో పెట్టింది. ఆ నూకల పేరే పిల్లాడికి పెట్టారు. ఆ పల్లెల్లో ఇదేమీ వింత కాదు. వింత ఏమిటంటే, మాణిక్యమ్మ దాన్ని అక్కడితో ఆపలేదు.

వాడు అన్నపూర్ణను అమ్మా అనాలి, తనను పిన్నీ అనాలి. అలాగే నేర్పింది. ఎవరైనా మీ అబ్బాయా అంటే, కాదు, అన్నపూర్ణమ్మ గారి అబ్బాయి అనేది. బళ్లో చేర్చిన రోజు మేష్టారు తండ్రి పేరు అడిగితే భర్త సత్తయ్య పేరు చెప్పింది, తల్లి పేరు అడిగితే అన్నపూర్ణ అంది. ఆ మేష్టారు కొత్తవాడు, రాసుకున్నాడు. బడి సర్టిఫికెట్టులో ఉన్నదే సైన్యం రాసుకుంది. అన్నపూర్ణ పోయినప్పుడు తల్లి పోయిందని సెలవు పెట్టి వచ్చి గుండు చేయించుకున్నాడు. అబద్ధం ఎక్కడుంది ఇందులో? అమ్మా అని పిలిచిన మనిషి పోతే అమ్మ పోయిందనే కదా అంటాం.

ఇప్పుడు చూడండి. బియ్యం తీసేయాలంటే ప్రభుత్వానికి ఆమె వీడి తల్లే. వైద్యం ఇవ్వాలంటే మాత్రం తల్లి కాదు. ఒకటే ఆధార్ నంబరు, ఒకటే ఇల్లు, ఒకటే ముసలావిడ. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసే తీరిక ఒక్క ఆఫీసులో ఒక్క మనిషికి లేకపోయింది. నూకరాజు ఐదు నెలలు కాళ్లరిగేలా తిరిగాడు. మండలాఫీసు వాళ్లు రికార్డాఫీసు నుంచి తెమ్మన్నారు, వాళ్లు వీళ్ల నుంచి తెమ్మన్నారు. బందరులో మాజీ సైనికుల ఆఫీసాయన మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, మా చేతుల్లో ఏమీ లేదండీ అన్నాడు. డాక్టరు నాలుగు నెలల గడువు చెప్పింది ఆ తిరుగుడు చివర్లో, అందులో కూడా ఒకటి అప్పటికే గడిచింది.

నేను అఫిడవిట్ టైపు చేశాను. 'నేను, మాణిక్యమ్మ, పై నూకరాజును కన్న తల్లిని' అని. బడి సర్టిఫికెట్టు, రైస్ కార్డు రద్దు కాగితం, ఊరి పెద్దలిద్దరి సంతకాలు జత చేశాను. వేలిముద్ర వేయించడానికి ఆమెను తీసుకురమ్మన్నాను.

మాణిక్యమ్మ వచ్చింది. బక్కపలచని మనిషి, నాలుగు మెట్లెక్కి అయిదు నిమిషాలు ఆయాసపడింది. నేను కాగితం చదివి వినిపించగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇది నేనెయ్యను తమ్ముడూ."

"ఎందుకక్కా?"

"ఆ మాట అనకూడదు. నలభై అయిదేళ్లు అనలేదు. ఇప్పుడంటే దాని చెవిన పడుద్ది."

దేని చెవిన అని అడగలేదు. ముగ్గురిని తీసుకెళ్లిన దాని చెవిన అని అర్థమైంది. నూకరాజు మాత్రం మొదటిసారి గొంతు పెంచాడు. "నీకు చావొస్తుంటే ఇంకా నాకు చావొస్తుందని భయమేంటి పిన్నీ? ఇరవై నాలుగేళ్లు తుపాకుల మధ్య ఉన్నాను. ఏమన్నా అయిందా?"

"నేను అనలేదు కాబట్టే కాలేదు," అంది ఆమె. అంత మామూలుగా అంది.

నేను చదువుకున్నవాణ్ణి, నాకు ఇలాంటివి గిట్టవు. గట్టిగా చెబుదామనుకున్నాను. కానీ ఆమె చూపు కొడుకు కాలి వైపు, లేని ఆ రెండు వేళ్ల వైపు ఉంది. ఎప్పుడో ఎవరి దగ్గరో నోరు జారి ఉంటాను, అందుకే అవి పోయాయి అని ఆమె అనుకుంటోందని నూకరాజు తర్వాత చెప్పాడు. గంటన్నర బతిమాలాక ఒక ఒప్పందానికి వచ్చింది. వేలిముద్ర వేస్తుంది, నోటితో మాత్రం అనదు. సరే అన్నాం.

విచారణ రోజు నేను కూడా వెళ్లాను. దివిసీమలో ఓ మండలాఫీసు, పేరెందుకులెండి. పదిన్నరకు రమ్మని ఒంటిగంటన్నర దాకా వరండాలో నిలబెట్టారు. గుండె జబ్బు మనిషికి కుర్చీ అడిగితే అటెండరు నా వైపు ఎగాదిగా చూశాడు. నేనే లోపలికెళ్లి ఒక కుర్చీ ఎత్తుకొచ్చాను. ఆ ఖాళీ సమయంలో నూకరాజు చేత నాలుగుసార్లు అనిపించాను. ఈవిడెవరని అడిగితే ఏమంటావు? మా అమ్మండీ. ఇంకోసారి. మా అమ్మండీ. ఆ మాట అతని నోట్లో కొత్త చెప్పులా కరుస్తోంది.

లోపల తహసీల్దారు వసుంధర గారు ఫైళ్ల మీద సంతకాలు పెడుతున్నారు. విచారణ చేసింది సీనియర్ అసిస్టెంటు వెంకట్రామయ్య, ఇద్దరా అని నవ్విన పెద్దమనిషి అతనే. కాగితాలు తిరగేశాడు. ఊరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, సర్వీసు ఎన్నేళ్లని అడిగాడు. నూకరాజు నిటారుగా నిలబడి పై అధికారికి చెప్పినట్టు చెబుతున్నాడు. అదే ఊపులో వెంకట్రామయ్య తలెత్తకుండానే అడిగాడు.

"ఈవిడ మీకేమవుతారు?"

"పిన్నండీ."

మాట జారాక గానీ అతనికి తెలియలేదు. నలభై అయిదేళ్ల అలవాటు ముందు నా నాలుగు పాఠాలు ఏ మూలకి? "అది కాదండీ, అలా పిలవడం అలవాటు..." అంటూ తడబడ్డాడు.

వెంకట్రామయ్య పెన్ను కింద పెట్టాడు. "మేడం, విన్నారుగా. పిన్ని అని ఆయనే చెప్పాడు. ఇక్కడేమో కన్నతల్లి అని అఫిడవిట్. తప్పుడు అఫిడవిట్ మీద కేసు పెట్టొచ్చు. రిటైరైన మిలటరీ మనిషి, పెన్షనుకు కూడా ఇబ్బంది." ఇలా అంటూ మా కాగితం మీద ఎర్ర సిరాతో ఏదో రాయబోయాడు.

నేను నోరు తెరిచాను. తిట్టేవాణ్ణే, నిజంగా తిట్టేవాణ్ణి. అంతకంటే ముందు మాణిక్యమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"రాయమాకండి," అంది. "ఆడు అబద్ధం ఆడాడని రాయమాకండి."

"మరి మీరెవరమ్మా?" అన్నాడు వెంకట్రామయ్య.

ఆమె కొడుకు వైపు ఒకసారి చూసింది. తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది. గొంతు తగ్గించలేదు, పెంచింది.

"నేను కన్నాను. ముగ్గురు పోయాక కన్నాను. రెండు రోజులు నొప్పులు పడి కన్నాను. బతకాలని చేటెడు నూకలకు అమ్ముకున్నాను. నా కొడుకు ఈడు. నా కడుపున పుట్టినోడు. ఇది చాలా? ఇంకోసారి చెప్పాలా?"

వసుంధర గారు పెన్ను పక్కన పెట్టి, ఆవిణ్ణి కూర్చోబెట్టండి అన్నారు. వాంగ్మూలం తానే స్వయంగా రాసుకున్నారు. సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఐదు నెలలు కాని పని అర పూటలో అయింది. అంటే మొదటి రోజే ఆ గదిలో ఎవరో ఒకరు తలెత్తి ఒక ముసలావిడ వైపు చూసి ఉంటే సరిపోయేదన్నమాట. తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

కార్డు ఏడు వారాలకు వచ్చింది. ఆపరేషను సకాలంలోనే అయింది, మాణిక్యమ్మ బాగుంది. పనైపోయింది కదా, ఇంకా ఆ కోపమెందుకని మా ఆవిడ రహీమా కూడా అంటుంది. నేను ఆమెకు ఆ సాయంత్రం బస్టాపులో చూసింది చెబుతాను.

సర్టిఫికెట్ తీసుకుని రోడ్డు మీదికి వచ్చాం. నేను బందరు బస్సు ఎక్కాలి, వాళ్లు నాగాయలంక బస్సు. పిన్నికి సోడా తెస్తానని నూకరాజు రోడ్డు దాటబోయాడు. ఆమె రెండు చేతులతో అతని మణికట్టు పట్టేసుకుంది. రొయ్యల మేత లారీ ఒకటి వస్తుంటే అతన్ని వెనక్కి లాగి, తాను ముందు నిలబడింది. నడవలేని మనిషికి ఆ బలం ఎక్కడిదో తెలియదు.

"నాకేం కాదు పిన్నీ," అన్నాడు నూకరాజు.

"ఊఁ," అంది గానీ చెయ్యి వదల్లేదు. బస్సు రాగానే అతన్ని ముందు ఎక్కనిచ్చింది. కిటికీ పక్కన కూర్చోనివ్వకుండా లేపి, ఆ సీట్లో తాను కూర్చుని, ఇటు పక్కన కూర్చున్న అతని చెయ్యి మళ్లీ పట్టుకుంది. బస్సు మలుపు తిరిగే దాకా చూశాను. ఊరు చేరాక కూడా మూడు రోజులు అతన్ని గడప దాటనివ్వలేదట, సముద్రం వైపు అసలు చూడనివ్వలేదట.