సత్రం పిలుపుకి నేను పలికిన రోజు

మా ముత్తాత అప్పలనరసింహరాజు గారు నర్సీపట్నం చుట్టుపక్కల కొన్ని గ్రామాలకు మొఖాసాదారు. ఆ గ్రామాల శిస్తు ఆయన ఇంటికే వచ్చేది. మా తాతగారు సూర్యనారాయణరాజు గారి నాటికి గ్రామాలు పోయి భూములు మిగిలాయి. నాన్నగారి నాటికి భూములు పోయి పేరు మిగిలింది. ఈ ముగ్గురిలో ఎవరూ దయ్యాలను నమ్మలేదు. ఇంట్లో ఎవరైనా గాలీ ధూళీ అంటే తాతగారు విస్తరి ముందునుంచి లేచిపోయేవారు.

నేనూ ఎప్పుడూ నమ్మలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

చింతపల్లి రోడ్డులో మాకో సత్రం ఉండేది. ముత్తాతగారు కట్టించినది. ఏజెన్సీ కొండల నుంచి చింతపండు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు మోసుకుని సంతకు దిగేవాళ్ళు, నాతవరం, కోటవురట్ల నుంచి పనుల మీద నడిచొచ్చేవాళ్ళు మధ్యాహ్నం అక్కడ తినేవారు. వడ్డనకు ముందు ఇంటి యజమాని స్వయంగా మెట్ల మీద నిలబడి, రోడ్డు వైపు మూడుసార్లు పిలవాలి. నౌకరు చేత పిలిపించకూడదు.

"తిననివారు ఎవరైనా ఉన్నారా? రండి బాబూ, బేగి రండి!"

ఆ చివరి "రండి"ని తాతగారు సాగదీసేవారు. ఆఖరి మనిషి చెయ్యి కడుక్కున్నాకే ఆయన భోజనానికి కూర్చునేవారు.

చిన్నప్పుడు ఒకసారి ఆకలేసి, ఆ పిలుపు వినగానే "నేనున్నాను తాతగారూ!" అని పరిగెత్తాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నువ్వు పెట్టేవాడివి. ఆ పిలుపు నీకు కాదు," అన్నారు.

ఆ మాట నాలో ఉండిపోయింది. ఊరికే పెడితే ఎవరి చేతి ముద్దా నేను తినేవాణ్ణి కాదు.

నాన్నగారి కాలంలో వడ్డన ఆగిపోయింది. పిలుపు మాత్రం ఆయన మానలేదు. మధ్యాహ్నం సత్రం తాళం తీసి, మెట్ల మీద నిలబడి పిలిచేవారు. ఎవరైనా నిజంగానే వచ్చేస్తారేమోనని చాలా మెల్లగా పిలిచేవారు.

సత్రం అమ్మడం నా వంతుకు వచ్చింది. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టే రోజుల్లో నేను ఊళ్ళో ఉండదలచుకోలేదు. చౌకలో తిరగొచ్చని అందరూ చెప్పే థాయ్‌లాండ్‌కు బట్టలు ఒక బ్యాగులో కుక్కుకుని విశాఖలో విమానం ఎక్కాను. మా ఇంట్లో మిగిలిన పెద్దదిక్కు మేనత్త ఒక్కతే. "ఒక్కడివీ వెళ్ళి ఏటి చూస్తావురా? మాటాడ్డానికి మనిషుండడు," అంది. అందుకే వెళ్తున్నానని ఆమెకు చెప్పలేదు.

బ్యాంకాక్‌లో హాస్టల్ గదిలో నాకు పై బంకు ఇచ్చారు. కింది బంకులో సతీష్ అని అనకాపల్లి కుర్రాడు, ఉద్యోగం మానేసి దేశాలు తిరుగుతున్నాడు. మొదటి పూటే మా వంశం సంగతి నా చేత చెప్పించాడు.

"రాజుగారి మనవడివి, నిచ్చెనెక్కి పడుకుంటున్నావేటన్నా!" అని ఒకటే నవ్వు. వాళ్ళమ్మ కట్టిచ్చిన మాగాయ నా ముందు పెట్టాడు. వద్దన్నాను. "తినకూడదని వ్రతమేటన్నా?" అన్నాడు.

మర్నాడు హాస్టల్ వెనక సందులో నడుస్తున్నాను. భోజనాల వేళ దాటింది. బళ్ళ దగ్గర ఆడవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. నా వెనక ఎవరో తెలుగులో అన్నారు. "తిననివారు ఎవరైనా ఉన్నారా?"

నాన్నగారు పిలిచినంత మెల్లగా. తిరిగి చూస్తే ఆ ఆడవాళ్ళు, ఒక కుక్క. ఇంటి మీద ధ్యాస అనుకున్నాను.

రెండోసారి వాళ్ళ పాత రాజధాని అయుత్తయలో. సతీష్, నేను అద్దె సైకిళ్ళ మీద పాత ఇటుక గోడల మధ్య తిరుగుతున్నాం. మళ్ళీ అదే గొంతు, అంతే మెల్లగా. నేను సైకిల్ ఆపేశాను.

"ఎవరూ పిలవలేదన్నా. ఎండదెబ్బ నీకు. బొండం తాగుదువు గాని, రా."

నా బొండం నేనే కొనుక్కున్నాను. ఆ సాయంత్రం అతను దీవులకు బయల్దేరుతూ, "నీతో ఇంకో వారం తిరిగితే నవ్వడం మర్చిపోతానన్నా," అన్నాడు. సరదాకే అన్నాడు. అతను వెళ్ళిపోయాక గది పెద్దదైనట్టనిపించింది.

నేను మూడో తరగతి రైల్లో దక్షిణానికి వెళ్ళి ప్రచువాప్ అనే సముద్రం ఒడ్డు ఊళ్ళో దిగాను. అక్కడ జ్వరం పట్టుకుంది. రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదు. కిటికీలోంచి అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. అద్దె గది యజమానురాలు నా వాలకం చూసి గిన్నెలో జావ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. ముందే తిన్నానని సైగ చేసి, ముట్టకుండా తిరిగిచ్చేశాను. నిజానికి బిస్కెట్లు కూడా అయిపోయాయి.

ఆ పూటే అత్త ఫోన్ చేసింది.

"పైకప్పు దించేశార్రా. గోడలు కూడా అయిపోయాయి. మెట్లే, ఎంత కొట్టినా కదలటం లేదట. తిన్నావా?"

"తిన్నాను," అన్నాను.

కొంతసేపటికి మందుబిళ్ళల కోసం బయటికొచ్చాను. వీధిలో మనిషి లేడు. ఎండ కళ్ళలో గుచ్చుకుంటోంది. అప్పుడు వినిపించింది. ఈసారి మెల్లగా కాదు, నిండుగా, చివరి "రండి" సాగదీసి. తాతగారి గొంతు.

గోడ పట్టుకుని నిలబడ్డాను. రెండోసారి పిలుపు వచ్చింది. ఇంకొక్కటే ఉంటుందని నాకు తెలుసు. మూడోది అయ్యాక మా సత్రంలో ఇక ఎవరినీ పిలిచేవారు కాదు.

మూడోది వచ్చింది.

"నేనున్నాను," అన్నాను పైకే. "తినలేదు."

వీధి చివర రేకుల కింద చిన్న భోజనం కొట్టు. గిన్నెలు బోర్లించి బల్ల తుడుస్తున్న ఒకామె తలెత్తి చూసి, రమ్మని చెయ్యి ఊపింది. ఏం కావాలని అడగలేదు. అన్నం, గుడ్డట్టు, పల్చటి చారు నా ముందు పెట్టింది. నీలం రంగు ప్లాస్టిక్ పళ్ళెం. ఆ వేడి అన్నంలోంచి అడ్డాకు వాసన వచ్చింది.

ఆమె నా భుజం మీదుగా బయటికి చూస్తూ ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి, అందులోని తెలుగు నాకు చూపించింది.

"బయట ముసలివాడు మీరు తిన్న తర్వాత తింటాడు."

మా ఇంట్లో పెద్దవాళ్ళను అలా అనరు. ముందు ఆ మాటే నన్ను గుచ్చింది. తరవాత లేచి బయటికి వెళ్ళాను. వీధి తిన్నగా ఉంది, తిరగడానికి పక్క సందు కూడా లేదు. ఎవరూ లేరు. ఎలా ఉన్నాడని సైగ చేస్తే, ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వెన్ను నిటారుగా పెట్టి చూపించింది. మా తాతగారు మెట్ల మీద అలాగే నిలబడేవారు. అలా నిలబడే ముసలివాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు, నిజమే.

లోపలికి వచ్చి అంతా తిన్నాను. రెండోసారి వడ్డిస్తే కాదనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వీధి వైపు బల్ల మీద ఆమె ఇంకో పళ్ళెం పెట్టి మూత వేసింది. ఇద్దరం ఎదురు చూశాం. నాకంటే ఆమే ఎక్కువసేపు చూసింది. ఎవరూ రాలేదు. ఆ పిలుపు నాకు మళ్ళీ ఎప్పుడూ వినబడలేదు.

తిరుగు ప్రయాణంలో వాచీ సరిచేస్తుంటే తట్టింది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. నాకు పిలుపు వినిపించింది ప్రతిసారీ అక్కడ ఒంటిగంటన్నర ప్రాంతంలో, అంటే నర్సీపట్నంలో మిట్టమధ్యాహ్నం.

ఇంటికొచ్చాక అత్తను మెట్ల గురించి అడిగాను. "నీకు ఫోన్ చేసిన రోజే పనోళ్ళు మధ్యాహ్నం వాటి మీదే కూర్చుని కేరేజీలు విప్పుకుని తిన్నార్రా. తిని లేచి ఒక్క దెబ్బేస్తే బెల్లం ముక్కలా విడిపోయాయట," అంది.

పిలుపు ఇంటి మీద ధ్యాస వల్లో, ఎండ వల్లో, జ్వరం వల్లో వినిపించిందంటే ఒప్పుకుంటాను. కానీ జ్వరం నాకుంది, కొట్టులో ఆమెకు లేదు.

మెట్ల రాళ్ళు స్థలంతో పాటే పోయాయి. సత్రంలో అన్నం వండిన గంగాళాలు రెండూ అంతకుముందే అనకాపల్లిలో పాత ఇత్తడి కింద తూకానికి అమ్మేశాం.