బాలకృష్ణయ్య ఆరు రోజుల కొలువు

ఆదోనిలో పత్తి బస్తాలోకి చెయ్యి పెట్టి బాలకృష్ణయ్య చెప్పిన మాటకు ముప్పై ఎనిమిదేళ్ళపాటు తిరుగులేదు. పైన పరిచిన తెల్లటి పత్తిని ఆయన కన్నెత్తి చూసేవాడు కాడు. మోచేతి దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి పిడికెడు లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య పోగు సాగదీసి, గింజను పంటికింద కొరికి, "తేమ ఉంది" అనో "పరవాలేదు" అనో తేల్చేవాడు. దీన్నే మచ్చు చూడటం అంటారు. ఆ చేత్తో ఎన్ని వేల బస్తాలు పట్టాడో గానీ, కన్నకొడుకు మనీష్‌ను మాత్రం మూడేళ్ళు నిండేదాకా ఎత్తుకున్న పాపాన పోలేదు. వాడు ఉయ్యాల్లో ఏడిస్తే, గుమాస్తాకు పురమాయించినట్టు భార్యకు పురమాయించి దుకాణానికి వెళ్ళిపోయేవాడు.

అట్లాంటి మనిషి అరవై ఆరో ఏట, పదమూడు నెలల మనవడిని పొద్దస్తమానం ఆడించే పనికి తనంతట తానే ముందుకొచ్చాడు.

కారణం లేకపోలేదు. కోడలు ప్రియాంక ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది. రాఘవ్ పుట్టాక పెట్టిన సెలవు అయిపోయింది. భార్య కన్యకమ్మకు మోకాలి చిప్ప మార్చారు, మూడు నెలలు కింద కూర్చోకూడదన్నారు. పిల్లవాడిని బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన బేబీ కేర్‌లో వేద్దామన్నాడు మనీష్. దుకాణం మనీష్ చేతికి వచ్చి ఏడాది అయింది. అప్పటి నుంచి బాలకృష్ణయ్య ఒకే పేపరు రెండుసార్లు చదువుతూ, గ్యాస్ సిలిండరు ఎప్పుడొస్తుందని భార్యను అడుగుతూ బతుకుతున్నాడు. ఆ ఇంట్లో తానూ ఒక పనికొచ్చే మనిషి అనిపించుకోవాలని ఆయనకు లోపల ఎంత ఆశగా ఉందో పైకి చెప్పడం చేతకాదు. అందుకని గొప్పలు చెప్పాడు.

"నలభై మంది హమాలీలను ఆడించినోన్ని. ఈ మూరెడు పిల్లోన్ని ఆడించలేనా?"

"మీ కొడుకు పెద్దోడయినాడని మీకు వాని పెండ్లి పత్రికలు అచ్చేసినప్పుడే గదా తెలిసింది" అంది కన్యకమ్మ కుర్చీలోంచి.

ప్రియాంక నవ్వలేదు. ఆమె లెక్కల మనిషి. "సరే మామయ్యా. సోమవారం నుంచి శనివారం దాకా చూద్దాం. కుదరకపోతే ఆ పైవారం నుంచి బేబీ కేర్. అప్పుడు మీరు బాధపడకూడదు" అని, ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అతికించింది. గిన్నెలు, మూతలు వాయించనివ్వాలి. డబ్బాలో వస్తువులు వేయనివ్వాలి, తీయనివ్వాలి. గుడ్డ కింద బంతి దాచి వెతకనివ్వాలి. బేసిన్‌లో రెండు చెంబుల నీళ్ళు పోసి కప్పులతో ఆడనివ్వాలి, పక్కనుంచి కదలకూడదు. కనపడినదానికల్లా పేరు చెప్పాలి. అట్టడుగున ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టి రాసింది: ఫోను, టీవీ వద్దు. నోట్లో పట్టేంత చిన్న వస్తువు ఏదీ చేతికి ఇవ్వద్దు.

సోమవారం ప్రియాంక ఏడున్నర బస్సెక్కింది. ఎనిమిదీ పదికల్లా బాలకృష్ణయ్య పెన్సిల్‌తో కాగితం మీద అన్నిటికీ టిక్కులు పెట్టి కన్యకమ్మ ముందు నిలబడ్డాడు.

"అయిపోయింది."

"ఏందయిపోయింది?"

"కోడలు రాసిందంతా. ఇంకేమన్నా ఉందా? ల్యాకపోతే రేపటిది గూడా ఇప్పుడే సేసేస్తా."

కన్యకమ్మ నవ్విన నవ్వుకు ఆపరేషన్ చేసిన మోకాలు పట్టుకోవలసి వచ్చింది. "ఒక్కో ఆట పదిసార్లు, ఇరవైసార్లు ఆడాలప్పా సామీ! వాడేమన్నా సరుకా, లారీకెత్తి సేతులు దులుపుకొనేకి?"

ఎనిమిదీ పది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా ఎంత దూరమో బాలకృష్ణయ్యకు ఆ రోజు తెలిసింది. బొంబాయి కూడా అంత దూరం అనిపించలేదు ఆయనకు ఏనాడూ.

మంగళవారం పదకొండింటికి రాఘవ్ ఏడుపు అందుకున్నాడు. గిన్నె ఇస్తే విసిరాడు, బంతి ఇస్తే విసిరాడు, తాతను ఇస్తే తాత కళ్ళద్దాలు విసిరాడు. బాలకృష్ణయ్య అటూ ఇటూ చూసి, కన్యకమ్మ కళ్ళు మూసుకుని ఉన్న సమయం చూసి, జేబులోంచి ఫోను తీసి మనవడి చేతిలో పెట్టాడు. ఏడుపు టక్కున ఆగింది. ఆయన హాయిగా గోడకు ఆనుకున్నాడు. రెండు నిమిషాలకు ఫోనులోంచి ప్రియాంక గొంతు వినిపించింది. వాడు ఎక్కడ నొక్కాడో ఏమో, ఎమ్మిగనూరు కాలేజీ స్టాఫ్ రూములో వీడియో కాల్ మోగింది. లెక్చరర్లందరూ ఫోను చుట్టూ మూగి రాఘవ్ ముక్కు రంధ్రం ఒకటి, దాని వెనక తిరుగుతున్న ఫ్యాను చూశారు.

"మామయ్యా" అంది ఫోను.

"ఆఁ... నేనివ్వలా. వాడే తీసుకున్యాడు."

"మీ జేబులోంచా?"

ఆయన ఫోను లాక్కుని కాల్ కట్ చేశాడు. సాయంత్రం ఆమె కేకలేమీ వేయలేదు. "ఇంకోసారి ఫోను కనపడితే శనివారం దాకా ఆగను, మామయ్యా" అంది అంతే. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

బుధవారం నియమంగా ఆడించాడు. ఆ నియమమే కొంప ముంచింది. వంటింట్లో కింది అరలో స్టీలు గ్లాసులు, మూతలు, ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి, రాఘవ్‌ను దాని ముందు కూర్చోబెట్టాడు. వాడు ఒక గ్లాసు తీసి నేల మీద పడేస్తే, ఈయన తీసి అరలో పెట్టేవాడు. మూత తీస్తే మూత పెట్టేవాడు, అదీ సైజుల వారీగా. వాడు తిరిగి చూసేసరికి నేల మీద ఏమీ ఉండేది కాదు. తాను పడ్డ కష్టమంతా ఎక్కడికి పోయిందో అర్థం కాక వాడు కింది పెదవి బయటపెట్టాడు.

హులిగమ్మ అప్పుడే గిన్నెలు తోమడానికి వచ్చింది. హాలహర్వి వైపు ఊరు ఆమెది. ఆదోనిలో నాలుగిళ్ళల్లో పనిచేస్తుంది. కాసేపు నిలబడి ఈ వ్యవహారం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అప్పా, వాడు తీస్తాండాడు, నువ్వు సర్దుతాండావు. ఆట వానిదా, నీదా?"

"ఇల్లంతా ఇట్లా పారేస్తే ఎట్లమ్మా?"

"పారెయ్యనీ. తోమేది నేను గదా."

బంతి దాచే ఆటలోనూ అదే వరస. బాలకృష్ణయ్య బంతిని తువ్వాలు కింద పెట్టి, తువ్వాలును దిండు కింద పెట్టి, దిండు మీద తాను కూర్చున్నాడు. రాఘవ్ కాసేపు వెతికి, బంతి అనేది ఈ లోకంలో లేదని తీర్మానించుకుని బొటనవేలు చీక్కుంటూ పడుకున్నాడు. "సగం బయటికి కనపడేట్టు దాయాలండీ, దొరికితేనే గదా వానికి సంతోషం" అంది కన్యకమ్మ. సగం కనపడేట్టు దాచడం బాలకృష్ణయ్యకు కొత్త. వ్యాపారంలో ఆయన ఏది దాచినా పూర్తిగానే దాచాడు.

హులిగమ్మ పోతూ పోతూ ఫ్రిజ్ ముందు ఆగింది. "ఏం రాసినాదమ్మా కోడలమ్మ?" అని అడిగి, కన్యకమ్మ చదివి చెబితే విన్నది. "మా మహేశ్వర్‌ను నడుముకు చీర కట్టి, తుమ్మచెట్టుకు కట్టేసి కలుపు తీస్తాంటి. ఎదురుగా నాలుగు మట్టిబెడ్డలు పెడితే సాయంత్రం దాకా వానికి అదే లోకం. ఈ కాగితం అప్పుడే ఇచ్చింటే మేమూ ఒక ఫ్రిజ్జు కొని అతికించుకుంటాంటిమి గదమ్మా" అని నవ్వుకుంటూ చెప్పులు వేసుకుంది. కన్యకమ్మ కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు హులిగమ్మ నవ్వంతసేపు నిలవలేదు.

గురువారం పొద్దున ఉతికి ఆరేసిన బట్టలు ఒక గోనెసంచిలో కుక్కి హాల్లో పెట్టి ఉన్నాయి. ఎవరూ పిలవకుండానే రాఘవ్ దోగాడుకుంటూ దాని దగ్గరికి పోయాడు. సంచి పట్టుకుని లేచి నిలబడ్డాడు. పైనున్న తెల్ల పంచెను పట్టించుకోలేదు. చెయ్యి భుజం దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి ఒక తువ్వాలు లాగాడు. రెండు చేతుల్తో నలిపాడు. నోట్లో పెట్టి కొరికాడు. బాగాలేదన్నట్టు పారేసి, మళ్ళీ చెయ్యి దూర్చాడు.

"ఛీ, నోట్లో..." అంటూ లేవబోయిన బాలకృష్ణయ్య సగంలోనే ఆగిపోయాడు.

"ఒసే కన్యకా! వీడు మచ్చు సూస్తాండాడే!"

"సూడనీండి. మీరూ గింజ కొరికే గదా ధర సెప్పింది? మీరు కొరికితే వ్యాపారం, వాడు కొరికితే ఛీ నా?"

ఆ రోజు బాలకృష్ణయ్య మొదటిసారిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సరుకు చూసేవాడిని తొందరపెట్టకూడదని ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ మర్యాద మనవడికీ వర్తిస్తుందని మాత్రం నాలుగు రోజులు తెలియలేదు. బట్టలన్నీ అయిపోయాక సంచిలోకి కొత్త సరుకు దించాడు. బీరపీచు, కన్యకమ్మ పట్టు రవికె, చెక్క గరిటె, స్నానాల మగ్గు, గట్టి దూదిదిండు, పెద్ద ఉల్లిగడ్డ ఒకటి. రాఘవ్ ఒక్కొక్కటే లాగుతుంటే, "ఇది గరుకు రాఘవయ్యా. ఇది నునుపు. ఇది బరువు, రెండు సేతులా పట్టుకోవాల" అని, కొనుగోలుదారుతో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఉల్లిగడ్డ పొట్టు చేతికి ఊడొస్తే వాడు దాన్ని చాలాసేపు చూశాడు. తాత పొట్టును మెల్లగా చేతిలోంచి తీసుకుని మగ్గు ఇచ్చాడు. వాడు మగ్గు తీసుకుని, ఆలోచించి, "తా" అని తిరిగి ఇచ్చాడు. ఈయన తీసుకుని మళ్ళీ ఇచ్చాడు. ఇట్లా ముప్పైసార్లు. గడియారం చూడటం బాలకృష్ణయ్య మరిచిపోయాడు.

సాయంత్రం ప్రియాంక వచ్చేసరికి హాలు సంతలా ఉంది, మధ్యలో ఇద్దరూ బోర్లా పడుకుని ఉన్నారు. ఆమె ఏమీ అనకుండా లోపలికి పోయి కన్యకమ్మ దగ్గర నవ్వింది. ఆ నవ్వు బాలకృష్ణయ్య చెవిన పడింది. పడకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే మనిషి గాల్లోకి లేచాడు.

శుక్రవారం పొద్దున దుకాణం నుంచి ఒక పిడికెడు పత్తి తెప్పించాడు. తాను చూసినట్టే వీడూ అసలైన మచ్చు చూడాలని ఆయన కోరిక. మధ్యాహ్నం కన్యకమ్మ కునుకు తీస్తుండగా రాఘవ్ అరచేతిలో పత్తి పెట్టి, పోగు సాగదీసి చూపించాడు. "సూడు, ఎంత పొడుగుందో." వాడు చూశాడు. చూసి, మొత్తం నోట్లో పెట్టుకున్నాడు.

పత్తిలో గింజ ఉంటుందని ముప్పై ఎనిమిదేళ్ళు పత్తి వ్యాపారం చేసిన మనిషికి అప్పుడు గుర్తొచ్చింది.

వాడికి పొలమారింది. ముఖం ఎర్రబడింది. బాలకృష్ణయ్య వాడిని ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు మీద తట్టాడు. ఎవరు నేర్పారో తెలియదు, ఆ చెయ్యి దానంతట అదే తట్టింది. రెండో దెబ్బకో మూడో దెబ్బకో వాడు గట్టిగా దగ్గాడు. తడిసిన పత్తి ముద్ద, దాంతోపాటు గింజ, ఆయన ధోవతి మీద పడ్డాయి. రాఘవ్ ఒక్క కేక పెట్టి ఏడ్చి, ఆపి, కింద పడ్డ ముద్దను చూసి మళ్ళీ దానికోసం చెయ్యి చాపాడు.

బాలకృష్ణయ్య పత్తిని పోగుతో సహా ఏరి, కాగితంలో చుట్టి, వీధి చివర చెత్తకుండీ దాకా రాఘవ్‌ను చంకలో పెట్టుకునే పోయి పడేసి వచ్చాడు. కన్యకమ్మ ఇంకా నిద్రపోతోంది. చూసినవాళ్ళు లేరు. చెప్పేవాళ్ళు లేరు. ఇంకొక్క రోజు గడిస్తే కొలువు ఖాయం. నిన్నటి నవ్వు ఉంది, రేపటి శనివారం ఉంది. మధ్యలో ఈ గింజ ఒకటి.

ఐదున్నరకు ప్రియాంక గేటు తీసింది. బాలకృష్ణయ్య వసారాలోనే నిలబడి ఉన్నాడు. ఆమె చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

"అమ్మా, ఒక తప్పు జరిగినాది. నేను జరిపినా."

అంతా చెప్పాడు. పత్తి ఎవరు తెప్పించారో, ఎందుకు తెప్పించారో, వాడి ముఖం ఎట్లా ఎర్రబడిందో ఏదీ వదల్లేదు. లోపలి నుంచి కన్యకమ్మ, "నాకు సెప్పలేదే! ఇంత జరిగితే నన్ను లేపలేదే!" అంది. ప్రియాంక బ్యాగు కింద పెట్టి, రాఘవ్‌ను ఎత్తుకుని, వేలితో నోరు తెరిచి చూసింది. వాడు ఆ వేలు కొరికాడు. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు, మామయ్యా."

"తెలిసేది కాదు."

"మరి ఎందుకు చెప్పినారు?"

"సరుకులో లోపముంటే నేనుగా ఎవురికీ సెప్పినోన్ని కాదమ్మా ఇన్నేండ్లల్లో. అడిగితే సూసుకోమంటాంటి. ఇది సరుకు కాదు గదా." ఆయన ఆమె బ్యాగు తీసి మెట్టు మీద పెట్టాడు. "ఆ బేబీ కేర్‌లో వెయ్యి. నేనేమనుకోను. అయితే ఆడ ఏమన్నా జరిగితే సెప్తారో లేదో, అదొక్కటి కనుక్కొని వెయ్యి."

ప్రియాంక కొడుకు చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళ సందుల్లో ఇంకా అంటుకుని ఉన్న పోగు ఒకటి తీసి పారేసింది.

"సోమవారం నుంచి నా బస్సు ఏడుంబావుకు. అంతకు ముందే స్నానం చేసి సిద్ధంగా ఉండండి" అంది. "ఇంట్లో పత్తి అనేది నా కంటికి కనపడకూడదు. అత్తమ్మా, దీపం వత్తులు కూడా పైఅరలో పెట్టేయండి."

పత్తి వ్యాపారుల ఇంట్లో పత్తిని బహిష్కరించడం ఆ వంశంలో అదే మొదటిసారి. బాలకృష్ణయ్య తలూపాడు. కాస్త ధైర్యం వచ్చాక అడిగాడు.

"ఆదివారం నాకు సెలవే గదమ్మా?"

"సెలవా!" అంది కన్యకమ్మ లోపలి నుంచి. "అడుగు కోడలా, బాగా అడుగు. పెండ్లయిన కాడి నుంచి నాకు రావాల్సిన ఆదివారాలన్నీ లెక్కగట్టు. నువ్వు లెక్కల టీచరువే గదా. అవన్నీ నేను వాడుకున్నాక, మిగిలినవి మీ మామకియ్యి."

ప్రియాంక మామ ముఖం చూడకుండా లోపలికి పోయింది. బాలకృష్ణయ్య వసారాలో కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంటింట్లోకి పోయి, టీ పొడి ఏ డబ్బాలో ఉంటుందని కన్యకమ్మను అడిగాడు.