చిన్న పేపరులో పాసైనవాణ్ణి

వార్త అనేది మద్రాసులో పుట్టి, రాత్రంతా రైలులో కూర్చుని, ఎర్రగుంట్ల స్టేషనులో దిగి, అక్కడి నుంచి బస్సు టాపు మీద మా ఊరికి చేరేసరికి కొంచెం ముసలిదై ఉండే కాలం అది. అయినా దానికి ఊరు ఇచ్చిన మర్యాద ఈనాటి పడుచు వార్తలకు దక్కడం లేదు. అచ్చులో పడితే చాలు, నమ్మేవారు. నేను మాత్రం నమ్మేవాణ్ణి కాదు. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ, చేతిలో వేరే పని లేక, ఊరికి హేతువాదం నేర్పే బాధ్యత నెత్తికెత్తుకున్నాను. (నేర్పమని ఊరు నన్ను అడగలేదు. సంస్కర్తలను ఏ ఊరూ పిలిచి అడగదు.) సాక్ష్యం లేనిదాన్ని ఒప్పుకోకూడదు, సాక్ష్యం ఉన్నదాన్ని మనకు ఇష్టం లేదని కాదనకూడదు అని రోజూ ఎవరో ఒకరిని నిలబెట్టి చెప్పేవాణ్ణి. ఈ సూత్రంలో మొదటి సగం ఎదుటివాడికి, రెండో సగం మనకు వర్తిస్తుందన్న సంగతి నాకింకా తెలియదు.

మా ఊళ్లో పఠనాలయం అంటే నాపరాళ్ల వ్యాపారి ఒకాయన వాడకుండా వదిలేసిన గది. నేల నాపరాయి, కప్పు నాపరాయి, కూర్చునే బల్లలు కూడా నాపరాయే కావడం వల్ల వేసవిలో అక్కడ వాదన దానంతటదే వేడెక్కేది. అక్కడికి రెండు పత్రికలు వచ్చేవి. ఒకటి పెద్ద పేపరు. దానిలో పేజీలు ఎక్కువ, బొమ్మలు తక్కువ; మంత్రుల ప్రసంగాలు మొదటి నుంచి చివరిదాకా వేసేది, ఆవులింతలతో సహా. రెండోది చిన్న పేపరు. రెండు తలల దూడ, పాడుబావిలో గజ్జెల చప్పుడు, కలలో కనబడి గుడి కట్టించమన్న దేవుడు, ఇటువంటివన్నీ దానికి ఇష్టమైన విషయాలు. చిన్న పేపరుకు ఊళ్లో పెద్ద అభిమాని మా మిషను మామ. ఆయన దర్జీ. కుట్టు మిషను ఆయన ఒక్కడికే ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. సాయిబుల ఇంటివాడైనా ఊళ్లో పిల్లలందరికీ ఆయన మామే. కాళ్లతో మిషను తొక్కుతూ, ఎదురుగా గోడకు ఆనించిన పేపరును పైకి చదువుతూ పోయేవాడు. చొక్కాకు కొలతలివ్వడానికి వచ్చినవాడు తిరిగి పోయేటప్పుడు నాలుగు వార్తలు కూడా తీసుకుపోయేవాడు.

ఆ వేసవిలో, మా పక్క పల్లెలో ఒక వేపచెట్టు పాలు కారుస్తోందని చిన్న పేపరు మొదటి పేజీలో వేసింది. మర్నాడే నేను గాజు గ్లాసు పట్టుకుని బయలుదేరాను. అప్పటికే చెట్టుకు చీర కట్టారు, పసుపు పూశారు. నిన్నటిదాకా గొర్రెలు కాసుకున్న ఒకాయన ఈ రోజు హారతి పళ్లెం పట్టుకుని పూజారి అయిపోయాడు. బెరడు చీలిన చోట నురగ కారుతోంది. జనం నోళ్లు తెరుచుకుని చూస్తుండగా గ్లాసు నింపి గడగడా తాగాను. పాలూ కాదు, అమృతమూ కాదు, ఒట్టి చెట్టు రసం. వెంటనే ఊరికి వచ్చి పఠనాలయంలో ఆదివారం చర్చ పెట్టించాను: అబద్ధాలు అచ్చువేసే పత్రికను పఠనాలయం తెప్పించవచ్చునా? (ఆ రసం తాగాక రెండు రోజులు నా కడుపు నన్ను నిలవనివ్వలేదు. ఆ సంగతి సభలో చెప్పలేదు. వాదానికి అవసరం లేదనిపించింది.)

"అధ్యక్షా!" అని గర్జించాను. అధ్యక్షుడు మా లెక్కల అయ్యవారు. మా ఊరి నుంచే రోజూ సైకిలు మీద హైస్కూలుకు పోయి వచ్చేవాడు. "ఒక్క అబద్ధం వేసిన పత్రిక తరువాత వంద నిజాలు వేసినా వాటిని నమ్మడమెట్లా? చెడిన త్రాసులో ఏది తూచినా తప్పే!"

మిషను మామ మెల్లగా లేచాడు. మెడలో కొలత టేపు తీయకుండానే వచ్చాడు. "అయ్యవారూ, మొన్న సంతలో వీళ్ల నాయన ఎద్దును అమ్ముతా, దాని వయసు రెండేళ్లు తగ్గించి చెప్పినాడు. నేను ఆడనే ఉండా. ఇంక ఆయన వీన్ని నా కొడుకని చెప్తే కూడా నమ్మొద్దంటాడా ఈ అప్ప?"

సభ రాళ్లు అదిరేట్టు నవ్వింది. అయినా చేతులెత్తితే గెలుపు నాదే. (ఎత్తినవాళ్లలో ఎక్కువమంది నాతో పరీక్ష రాసినవాళ్లు. వాళ్లను ముందురోజే నేను ఇంటింటికీ తిరిగి పోగుచేశాను. సత్యానికి కూడా కొంచెం ఏర్పాటు కావాలి.) ఆ విధంగా చిన్న పేపరు పఠనాలయం నుంచి బహిష్కృతమైంది. మామ మరునాటి నుంచి తన కొట్టుకు సొంతంగా తెప్పించుకున్నాడు.

పది రోజులకు ఫలితాలు వచ్చాయి. ఆ కాలంలో పాసైనవాళ్ల నెంబర్లు పత్రికల్లో పడేవి. ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. నా నెంబరు నాలుగు వందల పదిహేడు. నాకు ఆ నెంబరు కేవలం నెంబరు కాదు. మా నాయన ముందే తేల్చి చెప్పాడు: పాసైతే కడపలో కాలేజీ, తప్పితే నాపరాళ్ల గనిలో మేస్త్రీ కింద రాళ్ల కొలతలు రాసే పని. మేస్త్రీతో మాట కూడా అయిపోయింది. బస్సు దిగిన కట్ట విప్పి, నమ్మకస్తుల పత్రిక అయిన పెద్ద పేపరును పఠనాలయం బల్ల మీద పరిచాను. నాలుగు వందల పదిహేను ఉంది. పదహారు ఉంది. తరువాత పందొమ్మిది ఉంది, ఇరవై ఒకటి ఉంది. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాను. వేరే ఊరి పిల్లల నెంబర్లలో కూడా వెతికాను, దారి తప్పి అక్కడికేమైనా పోయిందేమోనని. లేదు.

అప్పుడు పరుగెత్తుకొచ్చాడు బెల్లం. బెల్లం అంటే నాలుగు వందల పద్దెనిమిది. పరీక్షలో నా పక్క సీటు. వాళ్లకు బెల్లం మండీ ఉండేది, వాడి జేబులో ఎప్పుడూ ఒక ముక్క ఉండేది. "రేయ్, చిన్న పేపర్లో ఉండావురా! నేనూ ఉండా!" అన్నాడు రొప్పుతూ.

నేను ఓడించిన మనిషి కొట్టుకు అంత వేగంగా నేనెప్పుడూ పోలేదు. మామ మిషను ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమప్పా, ఇట్లొస్తివి? ఈడ అబద్ధాల పేపరు ఉండాది, కండ్లకు అంటుకుంటాది, జాగర్త!" అంటూనే పేపరు నా చేతిలో పెట్టాడు. ఉంది. పెద్ద పేపరులా నెంబర్లు విడివిడిగా వేయకుండా, చోటు కలిసొస్తుందని కాబోలు, నాలుగు వందల పదిహేను, ఒక గీత, నాలుగు వందల ఇరవై ఒకటి అని వేశారు. ఆ గీత మధ్యలో ఎక్కడో నేను హాయిగా కూర్చుని ఉన్నాను.

"ఈ గీత ఏందప్పా?" అన్నాడు మామ.

"పదిహేను నుంచి ఇరవై ఒకటి దాకా అందరూ పాసని, మామా."

"ఒక్కరూ తప్పలేదా? శానా మంచి బెంచీ! ఆ నెంబర్లోళ్లంతా నీ పక్కనే కూర్చునింటారు గదా. అందరూ పరీక్ష రాసినారా?"

చదివేవారికి ఇక్కడ ఒక నిజం చెప్పాలి. బెల్లం మొదటి రోజు తెలుగు పరీక్షకు వచ్చాడు. రెండో రోజు నుంచి రాలేదు. పరీక్షలు జరిగిన ప్రొద్దుటూరులో వాళ్ల మేనత్త ఇల్లు ఉంది. అక్కడ భక్ష్యాలు తింటూ, పగటి ఆట సినిమాలు చూస్తూ మిగిలిన పరీక్షలన్నీ పూర్తిచేశాడు. వాళ్ల నాయనకు తెలియదు. నాకు తెలుసు, నా పక్కనే ఖాళీ బల్ల ఉంది కాబట్టి. రాయనివాణ్ణి పాస్ చేసిన గీత నన్ను పాస్ చేయడంలో విలువ ఎంతో లెక్క కట్టడానికి పెద్ద హేతువాది అక్కర్లేదు. సాక్ష్యం నా చేతిలో ఉంది. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు.

"అందరూ రాసినారు మామా," అన్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అబద్ధం ఆడినవాడికి ఉపన్యాసం ముంచుకొస్తుంది. వేపచెట్టు వార్త రాసేవాడు వేరు, నెంబర్లు వేసేవాడు వేరని. నెంబర్లు సర్కారు నుంచి నేరుగా వస్తాయి కాబట్టి వాటిలో కల్పనకు చోటు లేదని. పెద్ద పేపరుకు పెద్దతనం వల్ల అజాగ్రత్త ఎక్కువని చెప్పాను. మామ సూదికి దారం ఎక్కిస్తూ అంతా విన్నాడు. "అంటే పేపర్లో పై సగం అబద్ధం, కింది సగం నిజం. నీ నెంబరు యాడ పడితే ఆడ నిజం మొదలైతాది. బాగుండాది," అన్నాడు.

బెల్లం వాళ్ల నాయన ఊరంతా బెల్లం పంచాడు. నా చేతిలో కూడా పెద్ద అచ్చు పెట్టి, "మీరిద్దరూ ఒగే పేపర్లో పాసైనారప్పా," అని కళ్లు తుడుచుకున్నాడు. వెనుక నుంచి కొడుకు నా చెవిలో, "నోరు తెరుస్తివా, నా నెంబరుతో పాటు నీదీ పోతాది," అన్నాడు. ఒకే దేవుణ్ణి నమ్ముకున్న ఇద్దరు భక్తుల మధ్య ఉండే సోదరభావం అప్పుడు నాకు అనుభవమైంది.

ఇంట్లో మా అవ్వకు ఏ సందేహమూ లేదు. "రెండు పేపర్లుంటే పాసైన దాన్ని నమ్మాల గానీ, తప్పిన దాన్ని నమ్మేదానికి మనకేం పిచ్చా?" అంది. వేపచెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టిన ప్రతివాడూ ఇదే మాట అన్నాడని నాకు తెలుసు. అయినా ఆ పూట మా అవ్వ ఎంత తెలివైనదో అనిపించింది. మా నాయన మాత్రం ఎద్దుకు నీళ్లు పెడుతూ నా వైపు చూడకుండానే అడిగాడు. "పేపరోళ్లు యాడనో మద్రాసులో ఉండారు. పరీక్ష రాసింది నువ్వు. లెక్కలు ఎట్ల రాసినావో నీకు తెల్దా?"

"బాగానే రాసినా నాయనా," అన్నాను. ఆల్జీబ్రాలో మూడు లెక్కలు ముట్టుకోకుండా వచ్చినవాడికి ఆ మాట అనడం కష్టమే. కాని అప్పటికి నాకు అలవాటైంది.

నాలుగు రోజులు పాసైనవాడి నడక నడిచాను. అయిదో రోజు ఆదివారం, పఠనాలయంలో నేనే మరో తీర్మానం పెట్టాను: చిన్న పేపరును తిరిగి తెప్పించాలి. మొదటి చర్చలో వాడిన గొంతే, చేతులు ఊపడం కూడా అదే. ఒక తప్పు చేసినంత మాత్రాన పత్రికను వెలివేయడం మూఢత్వమన్నాను, విశాల దృష్టి కావాలన్నాను. అందరూ మామ వైపు చూశారు, ఆయన సంతోషిస్తాడని. ఆయన లేచి నిలబడ్డాడు.

"నాకు ఆ పేపరు ఇష్టమే అధ్యక్షా. పాలు కారే చెట్టు గురించి చదివితే మిషను తేలిగ్గా తిరుగుతాది. కానీ అది నిజమని నేను ఎప్పుడూ ఎవురితోనూ కొట్లాడలేదు. నిజం కావాలనుకునేటోళ్లు ఈ గదిలో కూర్చుంటారు గదా, వాళ్లకు అది వద్దు. నేను దీనికి చెయ్యెత్తను."

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోగా అధ్యక్షస్థానం నుంచి లెక్కల అయ్యవారు గొంతు సవరించుకున్నాడు. "చర్చ ఎట్లాగూ దీని మీదికే వచ్చింది. సర్కారు నుంచి మార్కుల పట్టీ నిన్ననే స్కూలుకు వచ్చింది. అందరికీ ఒకేసారి చెబుదామని తెచ్చినాను," అని సంచిలోంచి కాగితం తీసి వరసగా చదివాడు. నాలుగు వందల పదిహేను పాస్. పదహారు పాస్. "పదిహేడు, లెక్కల్లో తప్పినాడు." ఆ మాట నన్ను చూడకుండా చదవడం ఆయన మంచితనం. "పద్దెనిమిది, రెండో రోజు నుంచి ఆబ్సెంటు."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. బెల్లం వాళ్ల నాయన కొడుకు వైపు కాక అయ్యవారి వైపు కోపంగా చూసి, "పేపరోళ్లు పాస్ చేస్తే స్కూలోళ్లు తప్పిస్తారా? యాడ న్యాయం ఇది!" అంటూ అర్జీ పెడతానని బయటికి నడిచాడు. (పెట్టాడు కూడా. పేపరు ముక్క జత చేసి.) మామ మాత్రం నా దగ్గరకు వచ్చి, పక్కన బల్ల మీద కూర్చుని, ఎవరికీ వినబడకుండా అన్నాడు. "తప్పితే తప్పినావులే, మళ్లా రాస్తావు. అందరూ రాసినారని నాతో చెప్తివి గదప్పా. ఆ చెట్టు గూడా అంత అబద్ధం ఆడలేదు."

తీర్మానానికి ఓటు జరిగింది. నా తీర్మానానికి వ్యతిరేకంగా లేచిన చేతుల్లో నా చెయ్యి కూడా ఉంది. మరునాడే గనికి పోయాను. సెప్టెంబరు పరీక్షదాకా నాపరాళ్ల పొడవూ వెడల్పూ కొలిచి రాసి, గుణించి, మేస్త్రీతో తిట్లు తిని, పుస్తకంలో రాని లెక్కలు అక్కడ నేర్చుకుని పాసయ్యాను. ఆ మాటు పేపరు చూడలేదు. స్కూలుకు నడిచి పోయి పట్టీలో చూసుకున్నాను.

ఇప్పుడు నేను వయసు మళ్లిన ఉపన్యాసకుణ్ణి. సభల్లో కుర్రవాళ్లు లేచి, ఏ పత్రికను నమ్మాలండీ అని అడుగుతారు. చెప్పేవాడెవడు, వాడికెట్లా తెలుసు, చెప్పడం వల్ల వాడికేం లాభం అని విచారించమంటాను. రాసుకుంటారు. నమ్మడం వల్ల మనకేం లాభం అని కూడా విచారించాలి; అది చెప్పే లోపల సాధారణంగా టైము అయిపోతుంది. మొన్న, ముప్ఫై ఏళ్లుగా నేను చెత్త అంటున్న ఒక పత్రిక నా ఉపన్యాసాన్ని పొగుడుతూ అర కాలమ్ వేసింది. పొద్దున్నే ఆ అర కాలమ్ మాత్రమే కనబడేట్టు పేపరు మడిచి పట్టుకుని, నా భార్యకు చదివి వినిపించి, "ఈ మధ్య ఈ పత్రిక బాగుపడింది," అన్నాను.

ఆమె కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "దాని పక్కనే రాశిఫలాలు ఏసినారు, చూస్తిరా?" అంది.

చూశాను. పేపరును అట్లా మడిచి పట్టుకున్నది అందుకే.